ఎం.ఏ. డిసర్టేషన్ రాయడం ఎలా: పాత పత్రికల మీద పరిశోధన చేసేవారికి సమగ్ర మార్గదర్శి

చివరి సెమిస్టరులో డిసర్టేషన్ ఉన్న ఎం.ఏ. విద్యార్థి చేతిలో ఉండేవి పదహారు, పద్దెనిమిది వారాలు. పండగలు, మిగతా పేపర్ల ఇంటర్నల్స్, ఊరి ప్రయాణాలు తీసేస్తే నికరంగా మిగిలేవి పన్నెండు. రాయడం చేతకాక చెడిపోయే డిసర్టేషన్లు తక్కువ. అంశం చేతికి మించినదవడం వల్ల, గైడ్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లి రావడం వల్ల చెడిపోయేవే ఎక్కువ. మొదటి నెలలో ఈ రెండూ సర్దుకుంటే తర్వాతదంతా ఓపికతో చేసే పని.

నియమాలు గాలిలో చెబితే అర్థం కావు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసులో ‘గృహలక్ష్మి’ మాసపత్రిక మొదలుపెట్టారు. 1929లో బాల్యవివాహ నిరోధ చట్టం వచ్చింది. ప్రతిపాదించిన హరవిలాస శారదా పేరు మీద జనం దాన్ని శారదా చట్టం అన్నారు. ఆ పత్రికలో ఆ చట్టం గురించి ఏం రాశారన్నది మన అంశం. తెలుగు, చరిత్ర, జర్నలిజం, స్త్రీ అధ్యయనాలు – ఏ విభాగంలోనైనా నిలబడే అంశమే.

ముందు సామగ్రి, తర్వాతే అంశం

చాలామంది అంశం అనుకుని, సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఇచ్చి, ఆ తర్వాత పుస్తకాల వేటకు బయల్దేరతారు. తిరగేసి చేయండి. సామగ్రి ఎక్కడుందో, ఎంతుందో, చేతికి వస్తుందో లేదో తేలాకే శీర్షిక రాయండి.

‘తెలుగు సాహిత్యంలో బాల్యవివాహాలు’ అన్నది జీవితకాలపు పని. ‘హిందూ సుందరి’ మొదలైన 1902 నుంచి స్వాతంత్ర్యం దాకా స్త్రీల పత్రికలన్నీ అంటే పీహెచ్‌డీకి కూడా ఎక్కువే. ‘గృహలక్ష్మిలో శారదా చట్టంపై చర్చ, 1928–1931’ అంటే ఎం.ఏ.కు సరిపోతుంది. ఎందుకో లెక్క వేసి చూడండి. నెలకొకటి చొప్పున నాలుగేళ్లకు గరిష్ఠంగా 48 సంచికలు. ఒక్కో సంచిక పుట పుటా తిరగేసి, కావలసినవి చదివి, నోట్సు రాసుకోవడానికి గంటన్నర అనుకుంటే 72 గంటలు. రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే 18 రోజులు. అదే నాలుగేళ్ల దినపత్రిక తీసుకుంటే వెయ్యికి పైగా సంచికలు, అంటే సెమిస్టరంతా అక్కడే. గైడ్ అడగకముందే ఈ లెక్క ఒక కాగితం మీద వేసి ఉంచుకోండి.

అంశం దొరికినంత మాత్రాన ప్రశ్న దొరికినట్టు కాదు. ‘చర్చను పరిశీలించడం’ అని రాస్తే ఏం పరిశీలిస్తారో ఎవరికీ తెలియదు. ప్రశ్న ఇలా ఉండాలి: చట్టాన్ని సమర్థించినవాళ్లు దేన్ని ఆధారం చేసుకుని వాదించారు – ధర్మశాస్త్రాన్నా, ఆరోగ్యాన్నా, ఆడపిల్లల చదువునా, దేశ ప్రతిష్ఠనా? 1930 ఏప్రిల్ 1న చట్టం అమల్లోకి వచ్చాక ఆ వాదన మారిందా? దీనికి ‘మారలేదు’ అన్న జవాబు కూడా రావచ్చు. కాదు, లేదు అన్న జవాబుకు చోటు లేని ప్రశ్న పరిశోధన ప్రశ్న కాదు. అది ముందే రాసుకున్న వ్యాసానికి పెట్టిన శీర్షిక.

గైడ్‌ను అడగడం, మొదటిసారి కలవడం

కొన్ని విభాగాల్లో గైడ్‌ను వాళ్లే కేటాయిస్తారు. కొన్నిచోట్ల మనమే అడగాలి. అడిగే వీలుంటే పేరున్నవాళ్ల కోసం కాకుండా మీ కాలం మీదో, మీ రకం సామగ్రి మీదో పనిచేసినవాళ్ల కోసం చూడండి. ఆ సెమిస్టరులో వాళ్లకు ఎంతమంది విద్యార్థులున్నారో, సెలవు మీద వెళ్తున్నారో సీనియర్లను అడిగితే తెలుస్తుంది. ఎంత గొప్ప పండితులైనా మార్చి నెలంతా ఊళ్లో లేకపోతే మీ రెండో అధ్యాయం చదివేవాళ్లుండరు.

కారిడార్లో ఎదురుపడి ‘సార్, నాకు గైడ్‌గా ఉంటారా’ అని అడిగేకంటే రాసి అడగడం మేలు:

‘మేడమ్, నమస్తే. నేను ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరం. 1929 శారదా చట్టం మీద గృహలక్ష్మి పత్రికలో జరిగిన చర్చను డిసర్టేషన్‌కు తీసుకోవాలనుకుంటున్నాను. ఏయే సంచికలు ఎక్కడ దొరుకుతున్నాయో చూసి జాబితా రాశాను. ఒక పేజీ నోటుతో పాటు జత చేస్తున్నాను. బుధ, గురువారాల్లో మీకు వీలైన సమయం చెబితే వచ్చి కలుస్తాను.’

జత చేసే ఆ ఒక్క పేజీలో నాలుగు విషయాలు చాలు: ప్రశ్న, సామగ్రి, ఇప్పటికి మీరు చదివినవి, మీకు తేలని సంగతి ఒకటి. చివరిదాన్ని మరిచిపోవద్దు. గైడ్‌కు మాట్లాడటానికి దారి ఇచ్చేది అదే.

మొదటిసారి కలిసినప్పుడు అంశంతో పాటు పని పద్ధతి కూడా తేల్చుకోండి. ఎన్ని రోజులకోసారి కలవాలి? ముసాయిదా ప్రింటు తీసి ఇవ్వాలా, వర్డ్ ఫైలు పంపాలా? ఒక అధ్యాయం చదవడానికి వారికి ఎన్ని రోజులు కావాలి? ఫోన్ చేయొచ్చా, వాట్సాప్ చాలా? ఇవి అడగడం అమర్యాదేమో అని చాలామంది ఊరుకుంటారు. తర్వాత నెల రోజులు ఎదురుచూస్తూ, గైడ్‌ను తప్పుబడుతూ కూర్చుంటారు. రెండు వారాలకోసారి అరగంట దొరికితే అది మంచి ఏర్పాటే.

కలిసి వచ్చిన రోజే ఒక చిన్న మెయిల్ పంపండి: ‘మేడమ్, ఈరోజు అనుకున్నవి – కాలపరిమితి 1928–31కి కుదించడం, వేరే పత్రికతో పోలిక వద్దనడం, రెండో అధ్యాయం 20వ తేదీకి ఇవ్వడం.’ మూడు ముక్కలే. పది మంది విద్యార్థుల పని చూసే గైడ్‌కు మీతో ఏమన్నారో నెల తర్వాత గుర్తుండదు. అప్పుడు ఆదుకునేది ఈ మెయిలే. ‘పోలిక ఎందుకు పెట్టలేదు’ అని వారే అడిగితే వాదన పెట్టుకోకుండా పాత మెయిలు చూపించి, ‘ఇప్పుడు పెట్టమంటారా’ అని అడగొచ్చు.

ఇక ‘చూద్దాం’ అన్న మాట. మీరు ఏదో చెప్పినప్పుడు గైడ్ ‘చూద్దాం’ అంటే ఒప్పుకున్నట్టు కాదు, వద్దన్నట్టూ కాదు. రాసి తెస్తే చూస్తానని. రెండు పేజీలు రాసి తీసుకెళ్లండి.

సినాప్సిస్

నాలుగైదు పేజీలు. అందులో అర పేజీ నేపథ్యం, ప్రశ్న, సామగ్రి వివరం, ఇంతకుముందు జరిగిన పని, పద్ధతి, అధ్యాయాల విభజన, వారాల పట్టిక. నేపథ్యాన్ని వేదకాలం నుంచి ఎత్తుకోవడం మన దగ్గర పాత జబ్బు. 1929 చట్టం గురించి రాసేవారికి కావలసిన నేపథ్యం కొంచెమే. చట్టం ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు కనీస వయసుగా పెట్టింది. మీరి చేసినవాళ్లకు శిక్ష పెట్టింది కాని, జరిగిన పెళ్లిని రద్దు చేయలేదు. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి. రచయితలు ఇది తెలిసి రాశారా, తెలియక రాశారా అన్నది మీ విశ్లేషణలో పనికొస్తుంది.

ఇంతకుముందు జరిగిన పని కోసం శోధగంగ (విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఉంచే వెబ్‌సైట్) వెతకండి. అక్కడ ఉండేవి ముఖ్యంగా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు. ఎం.ఏ., ఎం.ఫిల్. స్థాయి పనులు చాలావరకు విభాగం బీరువాలోనే ఉంటాయి; తాళం అడిగి తెరిపించి శీర్షికలు రాసుకోండి. మీ అంశం మీదే ఎవరైనా చేసి ఉంటే బెంబేలు పడొద్దు. వాళ్లు ఏ సంచికలు చూశారు, ఏ ప్రశ్న అడగలేదు అని చూస్తే మీ చోటు మీకు కనిపిస్తుంది.

పూర్వ పరిశోధనల సమీక్ష ‘ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు అలా అన్నారు’ అంటూ వరుసపెట్టి రాస్తే చదివేవారికి నిద్ర వస్తుంది. మనుషుల వారీగా కాకుండా వాదాల వారీగా గుదిగుచ్చండి. సంస్కరణను పైనుంచి వచ్చినదిగా చూసినవాళ్లు ఒక గుంపు, స్త్రీలే ముందుకు తీసుకెళ్లారన్నవాళ్లు మరో గుంపు, ఈ రెండిట్లో దేన్నీ తేల్చడానికి పత్రికలు పూర్తిగా చూడనివాళ్లు ఇంకో గుంపు. మీరు ఎక్కడ నిలబడతారో చివరి పేరాలో చెప్పండి.

గ్రంథాలయాల్లో పని

ముందు ఇంట్లో కూర్చుని దొరికేవి చూడండి. ప్రెస్ అకాడమీ డిజిటల్ సేకరణలో, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పత్రికలు, పుస్తకాలు చాలా ఉన్నాయి. అక్కడ పేర్లు రకరకాల అక్షరక్రమాలతో నమోదై ఉంటాయి. ‘గృహలక్ష్మి’ని ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాసి వెతకాలి. సంచిక తేదీ ఒకటి, ఫైలు మీద పేరు మరొకటి కావడం కూడా మామూలే. కాబట్టి ఫైలు పేరు నమ్మకండి, లోపలి మొదటి పుట చూడండి.

తర్వాత గ్రంథాలయాలు. హైదరాబాద్‌లో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం. పాత పత్రికలకు పేరుపడ్డ వేటపాలెం సారస్వత నికేతనం. ప్రభుత్వ రికార్డులు కావాలంటే మద్రాసు ప్రెసిడెన్సీవి చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, నిజాం రాజ్యానివి హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఈ తేడా తెలియక తార్నాకలో గుంటూరు ఫైళ్లు అడిగేవాళ్లున్నారు. మన అంశానికి మద్రాసే దారి.

వెళ్లేముందు ఫోన్ చేసి నాలుగు అడగండి: ఆ సంవత్సరాల సంపుటాలు నిజంగా ఉన్నాయా, బైండింగుకో డిజిటైజేషన్‌కో బయటికి వెళ్లాయా, ఫోటోలు తీసుకోనిస్తారా, రుసుమెంత. గైడ్ సంతకం, విభాగం ముద్ర ఉన్న పరిచయ లేఖ రెండు మూడు ప్రతులు, ఐడీ కార్డు జిరాక్సు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు వెంట ఉంచుకోండి. లేఖలో మీ అంశంతో పాటు ఏ పత్రిక, ఏ సంవత్సరాలు అన్నది కూడా రాయించండి. అది చూశాక గ్రంథపాలకులు చాలాసార్లు తామే పక్క సంపుటం కూడా తీసి ఇస్తారు.

ఫోటో తీసేటప్పుడు ప్రతి సంచికకూ ముందు ముఖపత్రం, తర్వాత విషయసూచిక, ఆపైన వ్యాసం. ముఖపత్రం లేకుండా తీసిన యాభై ఫోటోలు ఇంటికొచ్చాక ఏ నెలవో తెలియక పనికిరాకుండా పోతాయి. పుట అంకె ఫోటోలో పడిందో లేదో చూసుకోండి. ఏడాది సంపుటమంతటికీ పుటల అంకెలు వరుసగా సాగే పత్రికలుంటాయి కాబట్టి 712వ పుట అంటే కంగారు పడనక్కర్లేదు. ఫ్లాష్ వాడొద్దు. సాయంత్రమే ఫైళ్లకు పేర్లు మార్చండి: ‘గృహ_1929_11_712’ – పత్రిక, సంవత్సరం, నెల, పుట. ఇలా పెడితే కంప్యూటరే కాలక్రమంలో పేర్చి ఇస్తుంది. రెండు చోట్ల దాచండి.

దొరకని సంచికల జాబితా కూడా ఒకటి రాయాలి. ‘1928–31 మధ్య సంచికలన్నీ పరిశీలించాను’ అని రాసి, అందులో ఆరు చూడకపోతే వైవాలో (మౌఖిక పరీక్షలో) ఒక్క ప్రశ్నకే గాలి పోతుంది. ‘ఈ ఆరు దొరకలేదు’ అని ముందే రాస్తే అది లోపం కింద లెక్క కాదు, వివరం అవుతుంది.

తేదీల చిక్కు

పాత తెలుగు పత్రికల మీద పనిచేసేవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. ఆనాటి పత్రికలు, పుస్తకాలు చాలాసార్లు తెలుగు సంవత్సరం, మాసం వేస్తాయి. 1928 ఉగాదికి విభవ, 1929 ఉగాదికి శుక్ల, 1930 ఉగాదికి ప్రమోదూత, 1931 ఉగాదికి ప్రజోత్పత్తి మొదలయ్యాయి. పట్టిక చూసి ‘శుక్ల అంటే 1929’ అని రాసేస్తే తప్పు. శుక్ల నామ సంవత్సరం మాఘం 1930 జనవరి చివర, ఫిబ్రవరిలో పడుతుంది.

మన అంశంలో ఈ తేడా ప్రాణం లాంటిది. చట్టం అమలుకు ముందు వచ్చిన చివరి పెళ్లిళ్ల కాలం ఆ మాఘ ఫాల్గుణాలే. చట్టం వచ్చేలోపు పిల్లల పెళ్లిళ్లు చేసేయాలన్న తొందర దేశమంతా కనిపించిందని 1931 జనాభా లెక్కల నివేదికే గుర్తించింది. మాఘమాసపు వ్యాసాన్ని 1929 మొదట్లోకి నెడితే, చట్టం పాసయ్యాక రాసింది బిల్లు దశలో రాసినట్టు కనబడుతుంది. మీ ‘ముందు–తర్వాత’ వాదనంతా తలకిందులవుతుంది. నోట్సు పట్టికలో తెలుగు తేదీకి ఒక గడి, ఇంగ్లిషు తేదీకి ఒక గడి విడిగా పెట్టండి. మార్చిన తేదీని ఆ సంవత్సరపు పంచాంగంతో సరిచూడండి.

నోట్సు పట్టిక

ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ ఒక్క పట్టిక. గడులు: సంచిక, తెలుగు తేదీ, ఇంగ్లిషు తేదీ, పుట, రచయిత పేరు ఉన్నదున్నట్టు, శీర్షిక, ప్రక్రియ (సంపాదకీయం, వ్యాసం, కథ, లేఖ, ప్రకటన), చట్టంపై వైఖరి, వాదనకు ఆధారం, ఉల్లేఖన, నా మాట. చివరి రెంటినీ కలపకండి. పత్రికలోని వాక్యమేదో, మీ ఆలోచనేదో రెండు నెలల తర్వాత మీకే తేడా తెలియదు. తెలియకుండా జరిగే కాపీ ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. ఉల్లేఖనల గడికి వేరే రంగు వేయండి.

వైఖరి, ఆధారం అన్న వర్గాలను మొదటే తేల్చేయొద్దు. పది సంచికలు చదివాక వర్గాల జాబితా రాసి, ఒక్కోదానికి ఒక వాక్యం నిర్వచనం ఇవ్వండి. ఆ తర్వాత ఐదు వ్యాసాల జిరాక్సులు గైడ్‌కో, తోటి విద్యార్థికో ఇచ్చి, మీ జవాబు చూపకుండా వర్గీకరించమనండి. మీకూ వాళ్లకూ రెండింట్లో తేడా వస్తే నిర్వచనం సరిగా లేదన్నమాట. ‘ఆరోగ్యం’, ‘మాతృత్వం’ అన్న వర్గాలు ఒకదానిలో ఒకటి దూరిపోవడం ఈ పరీక్షలోనే బయటపడుతుంది. గైడ్ అరగంటను ఇంతకంటే బాగా వాడుకునే మార్గం మరొకటి లేదు.

టెక్స్టుగా మార్చిన ఫైళ్లలో వెతికేటప్పుడు ఒక్క మాటతో సరిపెట్టొద్దు. శారదా చట్టము, శారదా శాసనము, శారదా బిల్లు, బాల్యవివాహము, అతిబాల్య వివాహము, రజస్వలానంతర వివాహము – అన్నీ వెతకాలి. గృహలక్ష్మిలో ఇంకో తమాషా ఉంది. కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ నడిపింది ఈ పత్రికలోనే; శారద అనే ఆవిడ స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాలవి. ‘శారద’ అని వెతికితే చట్టమూ వస్తుంది, ఉత్తరాలూ వస్తాయి. ఎన్నిసార్లు ప్రస్తావన వచ్చిందని యంత్రం చెప్పిన లెక్కను అలాగే పట్టికలో పెడితే ఆ అంకెకు అర్థం ఉండదు. పైగా గూగుల్ డ్రైవ్‌లో ఫోటోను టెక్స్టుగా మారిస్తే అరసున్నలు, బండి ఱలు, చెదిరిన ఒత్తులు తప్పిపోతాయి. ఆ పాఠాన్ని వెతకడానికే వాడండి. ఉల్లేఖన మాత్రం ఫోటో చూసి చేత్తో ఎక్కించండి, అరసున్నతో సహా.

చదివేటప్పుడు మూడు జాగ్రత్తలు. ఉత్తరంలో మాట్లాడే శారదను వరలక్ష్మమ్మతో సూటిగా కలిపేయకండి. అది ఆమె ఎంచుకున్న గొంతు. కలం పేర్లతో, ‘ఒక సోదరి’ అన్న సంతకాలతో వచ్చినవి స్త్రీలు రాసినవే అనుకోకండి. ‘పేరు తెలియనివి’ అన్న వర్గం విడిగా పెట్టండి. ప్రకటనలను దాటేయకండి. పత్రిక పెట్టిన కేసరిగారు స్త్రీల మందు ‘లోధ్ర’ తయారుచేసిన కేసరి కుటీరం యజమాని. ఆరోగ్యం గురించిన వాదనలు, మందు ప్రకటనలు ఒకే సంచికలో ఎలా పక్కపక్కన ఉన్నాయో చూడటం మంచి ప్రశ్నే. కాని ప్రకటనల కోసమే వ్యాసాలు వేశారని ఆధారం లేకుండా తేల్చేయడానికి వీల్లేదు.

రాయడం మొదలుపెట్టే చోటు

పీఠిక నుంచి మొదలుపెట్టకండి. సామగ్రి మధ్యనున్న అధ్యాయంతో మొదలుపెట్టండి. విశ్లేషణ తేలకముందు రాసిన పీఠికను ఎలాగూ మళ్లీ రాయాలి. తెలుగులో 14 సైజు, ఒకటిన్నర లైన్ల ఎడంతో ఒక ఎ4 పుటకు సుమారు 200 నుంచి 250 మాటలు పడతాయి. 70 పుటల డిసర్టేషన్ అంటే దాదాపు 16,000 మాటలు. మీ విభాగం నిబంధన వేరేగా ఉంటే దాన్నే పాటించండి. పీఠిక 8 పుటలు, చట్టం–పత్రిక నేపథ్యం 14, సమర్థన వాదనలు 20, వ్యతిరేకత, సందేహం, మౌనం 16, ముగింపు 6, మిగతావి అనుబంధాలు. నేపథ్య అధ్యాయం 30 పుటలకు పెరిగిందంటే విశ్లేషణ నుంచి తప్పించుకుంటున్నారని అర్థం. గైడ్ అది ఇట్టే పట్టేస్తారు.

పేరా కట్టడం ఇలా: మొదటి వాక్యంలో మీ మాట, తర్వాత ఆధారం ఏ సంచికలో ఎక్కడుందో, ఉల్లేఖన రెండు మూడు పంక్తులు, ఆ పంక్తుల్లో ఏ మాట మీ వాదాన్ని నిలబెడుతోందో. చివరిది లేని పేరాలు డిసర్టేషన్లలో కుప్పలు. ఉల్లేఖన ఇచ్చి ‘దీన్నిబట్టి రచయిత్రి అభ్యుదయ దృక్పథం తెలుస్తోంది’ అని వదిలేస్తారు. ఏ మాటను బట్టి? అది చెప్పాలి.

‘తెలుగు స్త్రీలు చట్టాన్ని స్వాగతించారు’ అని ముగింపులో రాయకండి. మీరు చూసింది ఒక పత్రిక. అందులో రాసినవాళ్లు చదువుకున్న కొద్దిమంది. ‘గృహలక్ష్మిలో రాసినవాళ్లలో’ అన్న రెండు మాటలు చేరిస్తే వాక్యం నిలబడుతుంది. జనాభా లెక్కల అంకె వాడినా అంతే: మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానిదా, తెలుగు జిల్లాలదా అన్నది చెప్పకపోతే ఆ అంకె వాడకపోవడమే నయం.

ముసాయిదా ఇవ్వడం, దిద్దుబాట్లు

ఒక్కో అధ్యాయం విడిగా ఇవ్వండి. మొత్తం ఒకేసారి చివరి వారంలో ఇస్తే చదవడం ఎవరి తరమూ కాదు; సంతకం దొరుకుతుందేమో గాని దిద్దుబాటు దొరకదు. పై పుట మీద రెండు మూడు ప్రశ్నలు రాయండి: ‘12వ పుటలో ఆరోగ్యం, మాతృత్వం విడదీయడం సరిగా ఉందా?’ ప్రశ్నలు లేని ముసాయిదాకు అచ్చుతప్పుల దిద్దుబాటు మాత్రమే వస్తుంది, ఎందుకంటే కంటికి ముందు కనిపించేవి అవే.

తిరిగి వచ్చిన ప్రతిలో ప్రతి గుర్తుకూ ఒక వరుస చొప్పున పట్టిక వేసుకోండి: గైడ్ ఏమన్నారు, మీరేం చేశారు, ఏ పుట. మార్జిన్‌లో ప్రశ్నార్థకం ఉంటే సాధారణంగా ‘దీనికి ఆధారం ఎక్కడ’ అని. అడ్డగీత కొట్టి ఏమీ రాయకపోతే ‘ఇది అంశంలోకి రాదు’ అని. అర్థం కాకపోతే ఊహించకుండా అడగండి. గైడ్ చెప్పింది మీకు నచ్చకపోతే వాదించడానికి మంచి మార్గం ఆధారమే. ‘మేడమ్, మీరన్నట్టు మార్చి చూశాను, ఈ మూడు సంచికలు అందులో ఇమడటం లేదు’ అని ఫోటోలు ముందు పెట్టండి. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే వారి మాట ప్రకారం రాసి, మీ అభ్యంతరాన్ని అధోసూచికలో పెట్టడానికి అనుమతి అడగండి.

జవాబు రాకపోతే? అనుకున్న గడువు దాటాక వారం ఆగి ఒకసారి మర్యాదగా గుర్తుచేయడం, ఇంకో వారానికి విభాగానికి వెళ్లి స్వయంగా కలవడం. అప్పటికీ కుదరకపోతే సహ పర్యవేక్షకులు గాని, విభాగాధిపతి గాని చదివే వీలుందా అని గైడ్‌నే అడగండి. వారికి తెలియకుండా పైకి వెళ్తే పని జరగొచ్చు, మాట మిగలదు. ఎదురుచూసే రోజుల్లో మాత్రం పని ఆపొద్దు. తర్వాతి అధ్యాయానికి వెళ్లండి.

కాపీ నిబంధన

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనలు ఎం.ఏ. డిసర్టేషన్లకూ వర్తిస్తాయి. ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలలు మించని గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది పాటు సమర్పించే వీలుండదు. 60 దాటితే నమోదే రద్దు. మూలం చెప్పి ఇచ్చిన ఉల్లేఖనలు, ఆధార గ్రంథాల జాబితా, విషయసూచిక వంటివి ఈ లెక్కలోకి రావు. తెలుగులో రాస్తే సాఫ్ట్‌వేర్ పట్టుకోదులే అనుకోవడం తెలివితక్కువ. ఆ వాక్యం ఎవరిదో పరీక్షకులకు శైలి చూడగానే తెలుస్తుంది. ఏఐ పరికరాలు ఇచ్చే గ్రంథాల పేర్లు, పుటల అంకెలు చాలాసార్లు లేనివే అయి ఉంటాయి. మీ కంటితో చూడని మూలం ఏదీ మీ జాబితాలో ఉండకూడదు.

ఆధారాలను మొదటి రోజు నుంచే జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించండి. ఉచితం. పాత పత్రికకు రచయిత, శీర్షిక, పత్రిక, సంపుటం, సంచిక, నెల, పుట – ఏడూ ఉండాలి.

టైపింగు, బైండింగు

యూనికోడ్‌లోనే టైపు చేయండి. డీటీపీ సెంటర్లు ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడతాయి. అందులో చేయించిన ఫైలు గైడ్ కంప్యూటర్‌లో గజిబిజిగా కనిపిస్తుంది, కాపీ తనిఖీకి పనికిరాదు, యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు తారుమారవుతాయి. బయట టైపు చేయించక తప్పకపోతే యూనికోడ్ అని ముందే గట్టిగా చెప్పి, మొదటి రెండు పుటలు మీ ఫోన్‌లో తెరిచి చూసుకోండి. వర్డ్‌లో అధ్యాయాల శీర్షికలకు హెడింగ్ స్టైల్స్ పెడితే విషయసూచిక దానంతట అదే తయారవుతుంది. ఎడమ మార్జిన్ ఒకటిన్నర అంగుళం ఉంచకపోతే బైండింగు అక్షరాలను మింగేస్తుంది. ఎన్ని ప్రతులు, అట్ట రంగు, ధ్రువపత్రం నమూనా – ఇవి ఆఫీసులో గుమాస్తాగారిని అడిగి రాసుకోండి. గైడ్ సంతకానికి, విభాగాధిపతి సంతకానికి మధ్య మూడు రోజులు ఉంచుకోండి.

వైవా

పది నిమిషాల్లో చెప్పాల్సింది: ప్రశ్న, చూసిన సంచికలు, తేలినది, తేలనిది. అధ్యాయాల సారాంశం చదవొద్దు, పరీక్షకుల చేతిలో పుస్తకం ఉంది. తప్పకుండా వచ్చే ప్రశ్నలు మూడు: ఈ పత్రికే ఎందుకు, ఈ సంవత్సరాలే ఎందుకు, దొరకని సంచికల వల్ల మీ ఫలితం మారుతుందా. మూడోదానికి అంకెతో జవాబు సిద్ధం చేసుకోండి. దొరకనివి ఏ నెలలవో, అవి 1930 ఏప్రిల్‌కు అటో ఇటో చెప్పగలగాలి. తెలియని ప్రశ్న వస్తే ‘అది చూడలేదు సార్’ అనడం మంచిది. కల్పించి చెబితే రెండో ప్రశ్నకు దొరికిపోతారు. గైడ్ అక్కడే కూర్చుని ఉంటారు కానీ మీ తరఫున మాట్లాడరు, మాట్లాడకూడదు కూడా. ముందు వారంలో వారినే పరీక్షకుడిగా కూర్చోబెట్టి అరగంట ప్రశ్నలు అడగమనండి.

వైవాలో చెప్పిన దిద్దుబాట్లను ఆ రోజే రాసుకుని, గైడ్‌కు మెయిల్ పంపి, వారంలో ముగించండి. సరిచేసిన పీడీఎఫ్‌ను విభాగానికి ఇచ్చేటప్పుడు మీ నోట్సు పట్టిక, దొరకని సంచికల జాబితా అనుబంధాలుగా ఉండేలా చూడండి. సంపుటాలు తీసి ఇచ్చిన గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపండి. ఆ పత్రిక కోసం తర్వాత వచ్చే విద్యార్థికి గ్రంథపాలకులు ముందు తీసి చూపేది దాన్నే.